ఎవరో వాడిన సైలెన్సర్

"దీన్ని ఎవరికిచ్చావే?" ఓడ్వార్ వంటింటి బల్ల మీద గట్టిగా చరిచాడు.

ఆయన చేతిలో వేట తుపాకీ మోత తగ్గించే గొట్టం, సైలెన్సర్. మూత విప్పి, లోపలి బిళ్లలన్నీ పాత పేపరు మీద పరిచాడు. అన్నీ నల్లగా ఉన్నాయి.

"నిన్ననే కడిగిపెట్టాను. ఎవడో వాడాడు. చెప్పు గుడ్రున్, ఎవడు?"

"నీ తమ్ముడే. గురి చూసుకుంటానని తీసుకెళ్లాడు" అంది గుడ్రున్, కాఫీ వంపుతూ.

"నన్నడక్కుండానా? నీకు బుద్ధి లేదు, వాడికి సిగ్గు లేదు!"

తిడుతూనే పనిలో పడ్డాడు. ట్రిసిల్ అడవుల్లో ఒకప్పుడు ఓడ్వార్ గురి అంటే పేరు. బిళ్లలను మసి వదిలే మందులో నానబెట్టాడు. ఇత్తడి బ్రష్‌తో ఒక్కొక్కటీ రుద్దాడు. గుడ్డతో తుడిచి, కిటికీ వెలుతురులో తిప్పి చూసి, నచ్చక మళ్లీ రుద్దాడు. చెంచా పట్టుకుంటే సూప్ ఒలకబోసే ఆ వేళ్లు ఇప్పుడు వణకడం లేదు.

ఉన్నట్టుండి ఒక బిళ్లను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మందుగుండు వాసనే లేదేమిటి?"

గుడ్రున్ చేతిలో కాఫీ కూజా ఆగిపోయింది.

"నీకు జలుబు కదా" అంది.

"అవునా?" ముక్కు తుడుచుకుని మళ్లీ బ్రష్ అందుకున్నాడు.

అప్పుడే తమ్ముడు స్టైనార్ బూట్ల మీది మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"వచ్చావా దొంగ వెధవా! వాడితే వాడావు, కడిగి ఇవ్వాలని తెలీదా? మసీ తడీ అలాగే ఉంటే తుప్పు పట్టదూ?"

స్టైనార్ వదిన వైపు చూశాడు. తల దించుకున్నాడు.

"తప్పయింది అన్నా."

"సర్లే. ఎల్క్ దుప్పుల వేటకి నీ కుక్కను తెస్తున్నావా? ఎలా ఉందది?"

ఆ కుక్క చచ్చి చాలా కాలమైంది.

"బాగుంది" అన్నాడు స్టైనార్.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. "ఆ గొట్టాన్ని ఏ నదిలోనో పారేయరాదూ వదినా? రోజూ ఈ తిట్లు నీకు దేనికి?"

"పొద్దున లేచి, ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఏం పని అన్నాడు" అంది గుడ్రున్. "అది చేతిలో ఉన్నంతసేపే నేను గుడ్రున్‌ని."

స్టైనార్ టోపీ చెవుల మీదికి లాక్కుని వెళ్లిపోయాడు.

లోపల ఓడ్వార్ తళతళలాడే బిళ్లలను పేపరు మీద ఆరబెట్టి, మరలకు చుక్క నూనె రాసి, కుర్చీలోనే కునుకు తీశాడు.

మతిమరుపు ముదిరిందని తుపాకీని పోలీసులు పట్టుకెళ్లి, ఈ గొట్టాన్నొక్కదాన్నీ వదిలేసి అప్పటికి రెండేళ్లు. గుడ్రున్ చప్పుడు కాకుండా కట్టెల పొయ్యి తలుపు తీసి, లోపలి మసి వేలికద్దుకుని, ఆయన తోమిన బిళ్లలకు ఒక్కొక్కదానికీ పూయసాగింది.