అత్తగారి సిఫారసు

"పద్దెనిమిది వేలు. ఇష్టమైతే రేపే చేరు, లేకపోతే లేదు," అంది బొటిక్ యజమానురాలు, నమూనాకని తెచ్చిన గౌను తిరగేసి కుట్లు చూస్తూ.

ఎదురుగా కూర్చున్న కోడలిపిల్లకి బేరమాడడం కొత్త. అత్తగారి టైలరింగు షాపులో పొద్దస్తమానం మిషను తొక్కుతోందే గాని, జీతమనే మాట ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఇక్కడికి వచ్చినట్టు అత్తగారికి తెలియదు కూడా.

"ఇరవై రెండన్నా ఇప్పించండి మేడమ్. కటింగు కూడా నేనే చూసుకుంటాను."

"ఇదివరకు ఎక్కడ చేశావు?"

"మా అత్తయ్య షాపులోనండీ."

"అయితే ఆవిడనే అడుగుదాం. నంబరు చెప్పు."

చెప్పనంటే ఉద్యోగం చేజారిపోతుంది. కోడలు నసుగుతూనే నంబరు చెప్పింది. యజమానురాలు ఫోను స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది.

"మీ కోడలు మా బొటిక్‌లో పని అడగడానికి వచ్చిందండీ. ఎలా చేస్తుందేమిటి?"

అవతల టకటకలాడుతున్న మిషను ఆగిపోయింది.

"అదా? దానికి సూదిలోకి దారం ఎక్కించడమే రాదు," అంది అత్తగారు. "పొద్దున గుండీ కుడితే సాయంత్రానికి ఊడి చేతిలోకొస్తుంది. కొలత తీసుకునేది ఒకటి, కత్తిరించేది ఇంకొకటి. పెట్టుకున్నారో, మీ కొట్టు మూసుకోవాల్సిందే! వెంటనే ఇటు పంపించెయ్యండి. ఇక్కడ బట్టలు గుట్టలుగా పడున్నాయి."

టక్కున ఫోను పెట్టేసింది.

కోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. 'మా కోడలి చేతిలో కత్తెర పెడితే చాలు, ఇక చూసుకోనక్కర్లేదు' అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునే మనిషేనా ఈవిడ? గౌను మడత పెట్టుకుని లేచింది.

"కూర్చోమ్మా," అంది యజమానురాలు గౌను మళ్ళీ తన వైపు లాక్కుంటూ. "ఈ కుట్లు చూశాక ఆ మాటలు ఎవరు నమ్ముతారు? నేనూ ఈ వ్యాపారంలోనే తల పండించుకున్నాను. మంచి పనిమంతురాలిని వదులుకోలేనివాళ్ళే ఇలా నోరు పారేసుకుంటారు. ఆవిడ నిన్ను బతిమాలి ఆపేసుకోకముందే చెబుతున్నా, ఇరవై ఆరు. సరేనా?"

సరేనంది గాని, దారి పొడుగునా ఆ తిట్లే చెవుల్లో గింగురుమంటున్నాయి.

ఆమె వచ్చేసరికి అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని ఏదో లంగా అంచు మడిచి కుడుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఉద్యోగం వచ్చింది," అంది కోడలు గుమ్మంలోనే నిలబడి, బింకంగా. "మీరెన్ని చెప్పినా ఇరవై ఆరు వేలు ఇస్తామన్నారు."

అత్తగారు దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికి తలెత్తింది.

"ఇరవై ఆరేనా? అయ్యో తల్లీ, ఇంకో నాలుగు తిట్లు తిట్టుంటే ముప్పై ఇచ్చేదే!"