జవాబు ఈల

"మళ్ళీ మడమే ముందు మోపారు, బాబాయ్," అంది అక్క.

లిఫ్టు మెకానిక్కు ఉన్నచోటే ఆగిపోయాడు. కాలి కింద ఎండుపుల్ల అప్పటికే టప్పుమంది.

అడవి అంచున ఆ శిబిరం నడిపేది, అందరూ అక్కా అని పిలిచే ఈవిడే. పట్నం నుంచి వచ్చినవాళ్ళకు తాతలనాటి విద్యలు నేర్పుతుంది. కర్రతో కర్ర రాపాడించి నిప్పు పుట్టించడం, చెట్టు నారతో తాడు పేనడం, అడుగుజాడ చూసి ఏ జంతువో పోల్చుకోవడం. ఈసారి జట్టులో ఓ పళ్ళ డాక్టరమ్మ ఉంది, కొత్తగా పెళ్ళయిన జంట ఉంది. పొగ లేస్తే చాలు, పిల్లల్లా గంతులేస్తారు. మెకానిక్కుకు నిప్పు అక్కర్లేదు, తాడూ అక్కర్లేదు. చప్పుడు కాకుండా నడవడం ఒక్కటి వస్తే చాలు.

అదే రావడం లేదు. బతుకంతా బూట్లేసుకుని ఇనుప నిచ్చెనల మీద తిరిగిన కాళ్ళాయె. బాబాయ్ వస్తుంటే చీమలు కూడా పక్కకు తప్పుకుంటున్నాయని డాక్టరమ్మ వేళాకోళమాడింది. ఆయన కూడా నవ్వాననిపించాడు.

ఇంతకు ముందు రెండుసార్లు ఈ అడవికి వచ్చాడు. రెండుసార్లూ చెట్ల మధ్య నుంచి ఈల వినబడింది. రెండు పొట్టివి, ఒకటి సాగదీసింది, చివర పైకి చిన్న విరుపు. కొడుకు ఈల. వినగానే ఒళ్ళు తెలియకుండా అటు పరుగెత్తాడు. ఈల ఆగిపోయింది. కాసేపటికి ఇంకా లోపలెక్కడో వినబడి, అదీ ఆగిపోయింది.

"పరుగెత్తితే ఎప్పటికీ అందదు బాబాయ్. ముందు నడక నేర్చుకోండి," అని అక్కే చెప్పింది. అందుకే జట్టులో చేరాడు.

అసలు ఆ ఈల పుట్టింది వాళ్ళింట్లో. ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేసే మనిషి కాపురం మాత్రం లిఫ్టు లేని నాలుగో అంతస్తులో. పానాల సంచి మరిచిపోయి కిందికి దిగాడంటే మళ్ళీ ఎక్కే ఓపిక ఉండేది కాదు. వీధిలో నిలబడి ఈల వేసేవాడు. పిల్లాడు కిటికీలోకి వచ్చి, అదే ఈలకు చివర తన విరుపు ఒకటి తగిలించి జవాబిచ్చి, సంచికి తాడు కట్టి దించేవాడు.

ఆ పిల్లాడే పెద్దవాడై, చక్కటి ఉద్యోగం వదిలేసి, తాళ్ళు పేనడం నేర్పుతానని ఈ శిబిరానికి వచ్చేశాడు. తండ్రి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"మా తాతలు అడవిలోంచి బయటపడడానికి నానా చావూ చచ్చారురా. నువ్వు మళ్ళీ అందులోకే పోతానంటావా?"

చివరిసారి ఇంటికొచ్చినప్పుడు కొడుకు మెట్లెక్కలేదు. వీధిలో నిలబడి ఈల వేశాడు. ఆగి, మళ్ళీ వేశాడు. తండ్రి టీవీ సౌండు పెంచాడు. జవాబు రాని ఇంటికి ఎక్కడమెందుకు అనుకున్నాడేమో, వెళ్ళిపోయాడు. భార్య ఆ పూట ఇంట్లో లేదు. కిందింటివాళ్ళు చెబితే తెలిసింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు ఆ మెట్లు దిగనివ్వవు. ఆయన బయల్దేరేటప్పుడు ఒక్కటే అడిగింది.

"నాకూ వినిపించండి. ఫోన్లోనే. ఇంకేం అడగను." గుమ్మం దాటుతుంటే మళ్ళీ అంది. "మీవసలే ఏనుగు అడుగులు. జాగ్రత్త."

శిబిరంలో ఫోన్లు ఉంచుకోనివ్వరు, రాగానే పెట్టెలో వేసి తాళం పెడతారు. చివరి రోజు తెలతెలవారుతుంటే అక్క పెట్టె తెరిచి, ఆయన ఫోను ఆయన చేతిలో పెట్టింది. కొడుకు కట్టుకున్న గుడిసె వెనకాల చెట్లలోకి వెళ్ళమంది.

"వినబడగానే తల తిప్పకండి. చెట్టుకు ఆనుకుని, మీరూ ఓ చెట్టయ్యేదాకా కూర్చోండి."

"నేను కూర్చోగలను గానీ తల్లీ, ఈ గుండెకాయే కూర్చోదు," అన్నాడు.

బూట్లు గుడిసె ముందు విడిచాడు. జేబులో తాళంచెవులు తీసి వాటిలో పెట్టాడు. పాదం అంచు ఆనించి, కింద ఏముందో తడిమి చూసుకుని, ఆ తర్వాతే బరువు మోపాడు. ఆకుల తడి తెలిసింది. వేరు తెలిసింది. మట్టిలో నిన్నటి ఎండ ఇంకా కొంచెం మిగిలి ఉన్న సంగతి కూడా తెలిసింది. వాడు నాకు చెప్పబోయింది ఇదేనా, అనుకున్నాడు. ఒక్క పుల్లా విరగలేదు.

చెట్టుకు ఆనుకుని కూర్చున్నాడు. ఎండ పొదల మీదికి దిగేదాకా కదల్లేదు. అప్పుడు ఫోను కలిపాడు. ఆవిడ ఎత్తింది, మాట్లాడలేదు. ముందే అలా అనుకున్నారు.

పెదాలు తడుపుకుని ఈల వెయ్యబోయాడు. పెదాల మధ్య నుంచి ఉత్త గాలి వచ్చింది. మళ్ళీ వేశాడు. రెండు పొట్టివి, ఒకటి సాగదీసింది.

అడవి ఊరుకుంది.

ఆ తర్వాత సరిగ్గా నెత్తి మీద, ఎన్నడూ లేనంత దగ్గరగా, జవాబు వచ్చింది. చివర విరుపుతో సహా.

ఫోన్లో ఆవిడ ఊపిరి ఆగి, అందింది.

"వాడిదే," అంది. "వాడిదేనండీ. ఇంకొక్కసారి."

ఆయన మళ్ళీ పెదాలు సున్నాలా చుట్టాడు. ఈల రాలేదు. ఫోను పైకి పట్టుకుని, అక్క నేర్పినట్టే మెల్లగా, గడ్డం ఒక్కటే ఎత్తి చూశాడు.

కొమ్మ మీద నల్లపిట్ట ఒకటి తోక ఆడించి, ఏడాది కిందట చనిపోయిన వాళ్ళబ్బాయి దగ్గర విని విని నేర్చుకున్న ఆ ఈలను, చివరి విరుపు తప్పకుండా, మళ్ళీ వేసింది.