టీచర్ గారి హస్తవాసి

సాయంత్రం ఐదింటిలోగా తేల్చాలి. ఇప్పుడు నాలుగూ పది.

కరుణ టీచర్ ముందు పదో తరగతి వాళ్ళ స్లిప్ టెస్ట్ పేపర్లు అరవై రెండున్నాయి. దిద్దినవి పద్నాలుగు. వేసవి సెలవులని పేరేగానీ, అమలాపురంలో ప్రైవేటు స్కూళ్ళకి సెలవులెక్కడివి? పొద్దున్నుంచీ నిలబడి చెప్పి చెప్పి కాళ్ళు పీకుతున్నాయి. పదహారేళ్ళుగా ఇదే స్టాఫ్ రూము, ఇదే కుర్చీ. ఫ్యాను తిరుగుతోందో లేదో తలెత్తి చూస్తేగానీ తెలియడం లేదు.

అప్పుడొచ్చారు భాస్కరరావు గారు, కూతురు దుర్గాశ్రీని వెంటబెట్టుకుని. ఆయనకి కొత్తపేట దగ్గర కొబ్బరితోటలున్నాయి. దుర్గాశ్రీ పదో తరగతి దాకా కరుణ దగ్గరే చదివింది. మొన్ననే డిగ్రీ అయింది.

"టీచర్ గారూ, రెండు చోట్లా వచ్చిందండి," అంది దుర్గాశ్రీ. "ఎమ్మే ఎడ్యుకేషన్. ముంబైలోనూ, ఢిల్లీలోనూ."

రెండూ పెద్ద యూనివర్సిటీలే. దేశం మొత్తం మీద ఒక్కో చోట తీసుకునేది ముప్ఫై, నలభై మందిని. ఒకదాంట్లో వస్తేనే ఊళ్ళో ఫ్లెక్సీ కడతారు.

"సంతోషం," అంది కరుణ. మనస్ఫూర్తిగానే అంది. గొంతులోనే ఓపిక లేదు.

"ఆయ్, సంతోషమేనండి. కానీ వారం నుంచీ ఇంట్లో నిద్రల్లేవు," అన్నారు భాస్కరరావు. "మా బామ్మర్ది ముంబైలోనే ఉంటాడండి. తిండికీ పడకకీ ఇబ్బంది లేదు. అందుకని నేను ముంబై అంటాను. ఇదేమో పైకి అనదు గానీ, మనసంతా ఢిల్లీ మీదే. ఒకటి ఒప్పుకుంటే రెండోది దానంతటదే పోద్దంట. ఐదు దాటితే రెండూ పోతాయంట. మీరేదంటే అదేనండి. ఇంక ఇంట్లో ఎవరూ నోరెత్తరు."

"మధ్యలో నన్నెందుకు లాగుతారండీ?"

"అలాగంటారేంటండీ? దీని అప్లికేషన్లు నింపింది మీరే కదండీ."

అదీ నిజమే. అలాంటి కోర్సొకటి ఉందని దుర్గాశ్రీకి చెప్పిందే కరుణ. రెండు అప్లికేషన్లూ ఈ టేబుల్ మీదే నింపింది. ఒక్క దుర్గాశ్రీకనేముంది, పాలిటెక్నిక్‌కీ నర్సింగ్‌కీ ఎంతమందికి నింపిందో లెక్కలేదు. ఆవిడ నింపిన ఫారం తిరిగొచ్చిన పాపాన పోలేదు. ఆవిడ చెయ్యి మంచిదని రాజోలు దాకా పేరు. పరీక్షల ముందు కొత్త పెన్ను తెచ్చి, ఒక్క అక్షరం మీ చేత్తో రాసివ్వండని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పిచ్చి నమ్మకానికి నవ్వే ఓపిక ఆవిడకి ఎప్పుడో పోయింది.

"ముంబై మంచిదేగా," అంది కరుణ. "మావయ్య గారిల్లు ఉంది. అక్కడికెళ్తే..."

ఆగిపోయింది. దుర్గాశ్రీ తల వంచుకుని చున్నీ అంచుని వేలికి చుట్టుకుంటోంది. కాదనే ధైర్యం లేదు, సరేననే మనసూ లేదు ఆ పిల్లకి.

భాస్కరరావు మొహం విప్పారింది. "నేనూ అదేగదండీ మొత్తుకుంటున్నాను. ముంబై నొక్కేయమ్మా."

"ఉండండి," అంది కరుణ.

కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. దిద్దిన పేపర్లన్నీ తీసి మళ్ళీ ఒక్కొక్కటిగా వరసలో పేర్చింది. ఒక్క మాట చెప్పడానికి ఇంత ఆలోచనేమిటా అని భాస్కరరావు గడియారం వంక చూశారు. నాలుగూ నలభై.

"దుర్గా, నీకు పిల్లలకి పాఠం చెప్పాలనుందా, చదువుల గురించి పుస్తకాలు రాయాలనుందా?"

"చెప్పాలనే ఉందండి. మీలాగ."

"అయితే ఢిల్లీ వెళ్ళు. మొదటి నెల నుంచే బడుల్లోకి పంపుతారు. వారానికి మూడు రోజులు పిల్లలతోనే. రెండో ఏడాది నీకు నచ్చిన ఊరి బడిలో ఉండి పని చెయ్యొచ్చు. అమ్మాయిల హాస్టలు లైబ్రరీ వెనకాలే. అన్నం రెండు పూటలా పెడతారండి, మీకా బెంగ అక్కర్లేదు."

"చూసేవా, టీచర్ గారికి తెలీంది లేదు," అన్నారు భాస్కరరావు. ఆయన మొహంలో ఇంకా కొంచెం ముంబై ఉంది. "నలుగురూ ముంబైయే గొప్పంటున్నారండి మరి."

"గొప్ప సంగతి నాకు తెలీదండి. ఈ పిల్లకి పనికొచ్చేది అదీ. మీరడిగేరు, నేను చెప్పేను."

ఆ మాట కాస్త కటువుగానే వచ్చింది. ఆయన సరేనన్నట్టు తలూపారు.

దుర్గాశ్రీ ఏడ్చేసింది. ఏడుస్తూనే ఫోన్ తీసి పేపర్ల పక్కన పెట్టింది. తెర మీద ఢిల్లీ సీటు ఒప్పుకుంటున్నట్టు నొక్కాల్సిన బటన్ ఉంది.

"మీ చేత్తో నొక్కండి టీచర్ గారూ."

"నువ్వే నొక్కమ్మా. నీ సీటు."

"ఆయ్, మీరే నొక్కాలండి," అన్నారు భాస్కరరావు. "మీ హస్తవాసి అలాంటిది. పిల్ల అంత దూరం వెళ్తుంది, కాదనకండి."

కరుణ వేలికంటిన ఎర్ర సిరా చీర చెంగుకి తుడుచుకుంది. వేలు బటన్ మీదకి తీసుకెళ్ళింది. వెనక్కి తీసింది. మళ్ళీ పెట్టి నొక్కింది. నాలుగూ యాభై రెండు.

దుర్గాశ్రీ కాళ్ళకి దండం పెట్టబోతే భుజాలు పట్టుకుని ఆపింది. "బాగా చదువుకో," అంది.

వెళ్తూ వెళ్తూ భాస్కరరావు గుమ్మంలో ఆగారు. "మీరుండబట్టి మా పిల్లలు బాగుపడుతున్నారండి. మీరు మాత్రం ఈ స్కూలొదిలి ఎక్కడికీ వెళ్ళకండేం."

"ఎక్కడికెళ్తానండి," అంది కరుణ.

పదిహేనో పేపరు తీసింది. అందులో మూడో ప్రశ్న దిద్దుతుండగా ఆవిడ ఫోన్‌కి ఢిల్లీ నుంచి మెసేజ్ వచ్చింది: "నేలపూడి కరుణ గారికి, ఎమ్మే ఎడ్యుకేషన్ వెయిటింగ్ లిస్టులో మీది మొదటి పేరే అయినా, మిగిలిన ఒక్క సీటూ ఇప్పుడే భర్తీ అయినందున మీకు ప్రవేశం ఇవ్వలేకపోతున్నాం."