రెండు మూరల దారం

“ఒరేయ్ నీల్స్, ఈ దారం ఎవడు కట్టాడ్రా?”

పడవ వెనక బల్ల మీద కూర్చుని హాల్వర్ గాలాన్ని పైకెత్తి పట్టుకున్నాడు. నీళ్లలో గిరగిరా తిరుగుతూ చేపను రప్పించే రేకుకీ, దాని వెనకుండే ఎరకీ మధ్య దారం గట్టిగా రెండు మూరలు కూడా లేదు.

“నేనే అన్నయ్యా,” అన్నాడు నీల్స్, చుక్కాని దగ్గర్నుంచి ఇటు తిరగకుండానే.

“కింగ్ సాల్మన్ లాంటి పెద్ద చేపకి బారెడు దారం ఉండాలని నేర్పలేదూ నీకు? ఇంత కురచగా కడితే ఎర పిచ్చెక్కినట్టు ఎగురుతుంది. చిన్నాచితకా చేపలు పడతాయేమో గానీ, కింగ్ దగ్గరికొస్తుందా?”

“ఈ పూటకి ఉండనీ.”

“రోజూ ఇదే మాట.”

ఆ ఉదయం పీటర్స్‌బర్గ్ రేవు పడవలు చాలామటుకు ఆ చుట్టుపక్కల నీళ్లలోనే ఉన్నాయి. ఎవరికి ఎంత చేప పడిందో రేడియోలో వినబడుతూనే ఉంది. వీళ్లకే ఏమీ లేదు. హాల్వర్‌కి ఒళ్లు మండింది. మైకు అందుకున్నాడు.

“అందరూ వినండి. మా తమ్ముడు కింగ్‌కి రెండు మూరల దారం కట్టాడు. జుట్టు నెరిసింది గానీ వీడికి గాలం కట్టడం రాలేదు. మీ ఇళ్లల్లో చంటిపిల్లలుంటే పంపండి, వీడికి నేర్పుతారు.”

“విన్నాంలే,” అంది పక్క పడవ నడిపే రాగ్నా.

నీల్స్ చెవులు ఎర్రబడ్డాయి. హాల్వర్ ఆ దారం తెంపి పారేసి బారెడు దారం కట్టాడు. గాలం నీళ్లలోకి వదిలాడు.

కాసేపటికే గాలం కర్ర విల్లులా వంగింది. నీల్స్ కర్ర అందుకుని రీలు చుట్టాడు. చేప లోతుకు లాగింది, పైకొచ్చింది, మళ్లీ లాగింది. చివరికి అలిసిపోయి నీటి మీద పక్కకి వాలింది. నిజంగానే కింగ్. పసిపిల్లాడంత ఉంది.

“చూశావా,” అన్నాడు హాల్వర్, చేపని పైకెత్తే పిడి వల తీసుకుని లేస్తూ. వల పట్టడం ఎప్పుడూ అతని వంతే. ఇంకెవరి చేతికీ ఇవ్వడు.

రేకు కర్ర చివరికి వచ్చి తట్టుకుంది. ఇక చుట్టడానికి లేదు. దాని వెనక బారెడు దూరంలో చేప. హాల్వర్ అంచు మీదికి వంగి చెయ్యి చాచాడు. చెయ్యి భుజం ఎత్తుకి కూడా రాకుండా ఆగిపోయింది.

“దగ్గరికి లాగరా.”

“ఇంతకంటే రాదన్నయ్యా.”

పళ్లు బిగించి మళ్లీ చాచాడు. వల అంచు చేప మూతికి తగిలింది. చేప ఒక్క ఊపు ఊపి గాలం విదిలించుకుని పోయింది.

“పడిందా? పెద్దదేనా?” అని రేడియోలో రాగ్నా అడిగింది.

నీల్స్ చటుక్కున మైకు తీసుకున్నాడు. “పోయింది. కర్ర నేనే వదులుగా పట్టుకున్నాను.”

హాల్వర్ వల ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు. ఈమధ్య తన వల దాకా వచ్చి పోయిన చేపలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అలని తిట్టాడు, ఎండని తిట్టాడు, వలని తిట్టాడు. ఆ తర్వాతే దారాలు కురచయ్యాయి.

“నా చెయ్యి అందాలనా?” అన్నాడు, తమ్ముడి మొహం చూడలేక.

“కాఫీ చల్లారిపోతోంది, తాగు,” అన్నాడు నీల్స్.

హాల్వర్ తాగలేదు. లేచి, నీల్స్ వద్దంటున్నా మైకు తీసుకున్నాడు.

“అందరూ వినండి. చేపని పోగొట్టింది వాడు కాదు, నేను. నా భుజం పనిచెయ్యడం లేదు. వాడు దారం కురచ చేసింది నాకోసం. ఇందాక నేను వాణ్ణి అన్న మాట...” మాట పూర్తి చెయ్యకుండానే మైకు దించేశాడు.



“తెలుసు హాల్వర్ అన్నా,” అంది రాగ్నా. “నీ దగ్గర భుజం మాట ఎత్తొద్దని నీల్స్ పోయిన నెలే ప్రతి పడవకీ వచ్చి మా అందరిచేతా ఒట్టేయించుకున్నాడు.”