చిహారు పాటకి జనం

చిహారు వేదిక మీంచి చూసింది. మైదానం నిండా కుర్చీలు. కూర్చున్నది ఒక్క కుక్క. అదీ నిద్రపోతోంది.

జపానులో ఆమె పాడి అమ్మకానికి పెట్టింది ఒకే ఒక్క పాట. ఒక టీవీ సీరియల్‌కి అదే టైటిల్ సాంగ్. సీరియల్ సగంలో మునిగింది, పాటనీ వెంట తీసుకుపోయింది. "ఈసారీ జనం రాకపోతే ఇక పాడక్కర్లేదు" అని పాటల కంపెనీవాళ్లు తేల్చి చెప్పేశారు.

ఆమెని విశాఖపట్నం రప్పించినవాడు ఉదయ్‌కుమార్. అచ్యుతాపురంలో ఒక జపాను ఫ్యాక్టరీలో దుబాసీ. నైట్ డ్యూటీ దిగి మంచమెక్కి కళ్లు మూసుకునే వేళకి, వీధిలోంచి రోజూ ఇదే పాట. "మా ఊళ్లో మీ పాట మోగని వీధి లేదు" అని ఆమెకి రాశాడు. రాసి ఊరుకున్నాడా? కాలనీ మైదానంలో ఫ్యాక్టరీవాళ్ల చేత కచేరీయే పెట్టించాడు. ఆమె ఎండకి తట్టుకోలేదని పొద్దున్నే పెట్టించాడు.

"ఎవరూ రాలేదు" అంది చిహారు.

"మీరు మొదలెట్టండి. వాళ్లే వస్తారు" అన్నాడు ఉదయ్‌కుమార్.

ఏడుపు మింగి పాట అందుకుంది.

పల్లవి పూర్తికాలేదు, ఎదురు వీధిలో ఒక తలుపు తెరుచుకుంది. ఆ వెంటనే వీధి వీధంతా. లుంగీలు ఎగ్గట్టుకుని మగాళ్లు. పొయ్యి మీద పాలు వదిలేసి ఆడాళ్లు. గడ్డానికి సబ్బు నురగతో ఒకాయన. మోకాళ్ల నొప్పులని గుమ్మం దిగని కాశమ్మ అందరినీ దాటేసింది.

"బేగి రాయే పుష్పా! ఎలిపోద్ది!"

"ఆగమ్మా, ఒచ్చేత్తన్నాం!"

"మూడ్రోజుల్నుంచీ ఎదురుసూత్తన్నాం తల్లీ!"

"ఏమంటున్నారు?" చరణానికి ముందు చిహారు అడిగింది.

ఉదయ్‌కుమార్ ఉన్నదున్నట్టు చెప్పాడు. చెబుతుంటే అతనికే ఒళ్లు పులకరించింది.

చిహారుకి దుఃఖం ఆగలేదు. ఇన్నాళ్లూ తను వెతుక్కున్నవాళ్లంతా ఇక్కడున్నారన్నమాట. కన్నీళ్లలో మొహాలు కూడా సరిగ్గా ఆనడం లేదు. పాటయ్యాక అభిమానుల చేతులు పట్టుకుని పలకరించడం వాళ్ల దేశంలో ఆనవాయితీ. పాపం, ఆమెకి ఇంతవరకూ పట్టుకోవడానికి చెయ్యే దొరకలేదు. వేదిక అంచున మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ ముందుకి చాపింది.

అందరికంటే ముందొచ్చిన కాశమ్మ రొప్పుతూ ఆ చేతుల్లో చేతికో బకెట్టు పెట్టి, "ఇది తడి సెత్త, ఇది పొడి సెత్త" అంది.