టేబుల్ అంచున తెల్లబంతి

"భుజం ఇలా తిప్పు, మందు రాస్తాను," అంది అక్క. బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఫైనల్లో విరామం అది.

చెల్లెలు కదల్లేదు. "నాతో ఆడుతున్న ఆ పిల్ల, గుంటలో పడే బంతుల్ని కూడా వదులుకుని, నేను కొట్టాల్సిన తెల్లబంతిని టేబుల్ అంచుకే ఆనించి పెడుతోంది. అక్కణ్ణుంచి కొట్టాలంటే నేను చెయ్యి బాగా పైకెత్తాలి."

"ఆటన్నాక ఎవరి ఎత్తులు వాళ్ళవి కదే."

"నా చెయ్యి పైకి లేవదని నీకొక్కదానికే తెలుసు."

అక్క మందు మూత బిగించింది. బిగిసిన మూతనే ఇంకా తిప్పుతూ కూర్చుంది.

"ఆ పిల్లకి నేనే చెప్పాను. ఇది గెలిస్తే పోటీలంటూ దేశాలు పట్టుకుని తిరుగుతావు. ఓడితే ఇంటిపట్టున ఉంటావనుకున్నాను. అమ్మ పోయాక నాకెవరున్నారే?"

"చిన్నప్పుడు స్టూలు వేసి నాతో ఈ ఆట ఆడించింది నువ్వే కదక్కా."

"అప్పుడు ఇంత దూరం పోతావనుకోలేదు."

లోపల గంట మోగింది. చెల్లెలు కర్ర అందుకుని తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"ఎప్పుడు ఓడినా నీ దగ్గరికొచ్చే ఏడ్చాను. ఇవాళ ఓడితే ఎక్కడికి వెళ్ళమంటావు?"