బొద్దింకలకు తగిన మాట

పార్సిల్ భోజనాల వంటగదిలో గిన్నె మూత తీయగానే ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. అంచు వెంట బొద్దింకలు తీరిగ్గా నడుస్తున్నాయి. గోడ మీద జిడ్డు అట్టలు కట్టింది. వంటావిడ ఓ గుడ్డతో ముక్కు తుడుచుకుని, అదే గుడ్డతో గరిటె తుడిచింది.

"ఛీ," అన్నాడు.

పొద్దుటి పార్సిళ్ల హడావుడిలో ఇలా తగలడిందని వంటావిడ బతిమాలింది. ఈ పొయ్యి ఆరిపోతే తన ఇల్లు గడవదనీ, ఒక్క వారం గడువిమ్మనీ వేడుకుంది. ఆయన చెవిన పెట్టలేదు. ఈ రోత కూడు జనం ఎలా తింటున్నారా అని ఆయనకి ఒళ్లు మండిపోయింది. తను మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియర్ తప్ప బయట మంచినీళ్లు కూడా ముట్టడు.

ఈ కొంపకి తాళం పడాలంటే రిపోర్టు గట్టిగా ఉండాలి. అదీ ఇంగ్లీషులో. క్రితంసారి ఇంకో వంటగది గురించి "చాలా బొద్దింకలు" అని రాస్తే, చాలా అంటే ఎంత అని పై ఆఫీసరు కాగితాలు తిప్పి పంపాడు. అక్కడ ఇప్పటికీ పొయ్యి వెలుగుతూనే ఉంది.

వీధిలోకి వచ్చి, ముక్కు మీది కర్చీఫ్ తీసి, భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ స్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఎటు చూసినా అవే ఉన్నాయని చెప్పే మాట కావాలన్నాడు. వింటేనే అసహ్యం పుట్టాలన్నాడు.

"రైఫ్ అని రాయండి," అంది ఆవిడ.

అని ఊరుకోక, క్లాసులో ఉన్నట్టే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకుంది. చాలా పాత మాటట. మొదట్లో పుష్కలంగా ఉందనే అర్థమట, మంచివాటికీ వాడేవారట. రానురాను చెడ్డవాటితో తిరిగి చెడ్డపేరు తెచ్చుకుందట. ఇప్పుడు రోగాలో, లంచాలో, పుకార్లో ఊరంతా పాకాయని చెప్పడానికే వాడతారట.

"పాకడం ఇక్కడ కళ్లారా చూశాను," అన్నాడు.

ఎక్కడని ఆవిడ అడిగింది. మార్కెట్ వెనక సందులో, నీలం తలుపుల వంటగది అని చెప్పాడు.

ఆ మాట వినగానే ఆవిడ గొంతు తగ్గించింది. రైఫ్ మరీ ఘాటైన మాట అంది. అక్కడక్కడా కనిపించాయని రాస్తే సరిపోదా అంది. పాపం, ఒంటరి ఆడమనిషి పొట్ట కొట్టడమెందుకు, ఓ వారం గడువిచ్చి శుభ్రం చేసుకోమనమంది.

"నీకు జాలెక్కువ. ఆ గుడ్డ చూస్తే ఇలా మాట్లాడవు. ఆ తిండి తిన్నవాళ్లని తలుచుకుంటేనే నాకు డోకొస్తోంది. ఇవాళే తాళం వేయిస్తా."

"మీరలా వేయించేస్తే, రేపట్నుంచి మీ క్యారియర్ నింపించడానికి నేనింకో చోటు వెతుక్కోవాలండీ."